ముప్పై దాటాక వేరే దేశానికి ఆడటం: తాహిర్ దారిలో నీకు పనికొచ్చేది ఏంటి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు మిగతావాళ్ల కోసం రెండు మాటల్లో చెప్తాను. నీకు 27 ఏళ్లు, లెగ్ స్పిన్ వేస్తావు, వైజాగ్ జిల్లా లీగ్‌లో ప్రతి సీజన్ వికెట్లు తీస్తున్నా ఆంధ్రా ప్రాబబుల్స్‌లో (రాష్ట్ర జట్టు ఎంపికకి ముందు వేసే జాబితా) పేరు రాలేదు. ఇప్పుడు కంపెనీ మెల్‌బోర్న్ పంపిస్తోంది, ఇంట్లోవాళ్లు ఇక ఆట చాలు, ఉద్యోగం చూసుకో అంటున్నారు. ఇమ్రాన్ తాహిర్ 31 ఏళ్లకి దక్షిణాఫ్రికాకి ఆడాడు కదా, నాకెందుకు కుదరదు అన్నది నీ ప్రశ్న. నేను వైజాగ్‌లోనే చాలా ఏళ్లు లీగ్ క్రికెట్ ఆడాను, ఉద్యోగరీత్యా మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు కొన్ని సీజన్లు అక్కడి క్లబ్ క్రికెట్ ఆడాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి స్పిన్ నేర్పిస్తున్నాను. తెలిసినంతలో దాపరికం లేకుండా చెప్తాను.

ఆస్ట్రేలియా టోపీ, అంటే జాతీయ జట్టులో చోటు, నీకు వస్తుందని నేను చెప్పను, ఆ అవకాశం చాలా చాలా తక్కువ. కానీ 27 దాటింది కాబట్టి అయిపోయింది అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. లేటుగా పైకొచ్చిన వలస ఆటగాళ్ల సంగతి ఎవరిది చూసినా, విమానం దిగిన రోజుకీ ఆడటానికి అర్హత వచ్చిన రోజుకీ మధ్య కొన్నేళ్లు ఉంటాయి. టీవీలో కనపడనివి, పేపర్లో రానివి. ఆ ఏళ్లలో వాళ్లు ఏం ఆడారు, ఎక్కడ ఆడారు, ఆటలో ఏం మార్చుకున్నారు అన్నదాని మీదే తర్వాతదంతా ఆధారపడింది.

తాహిర్‌తోనే మొదలెడదాం. 1979లో లాహోర్‌లో పుట్టాడు. ఇంటికి పెద్ద కొడుకు, పదహారేళ్లకే షాపింగ్ మాల్‌లో సేల్స్ పనికి వెళ్లాడు. పాకిస్తాన్ అండర్-19కి ఆడాడు, పాకిస్తాన్ 'ఎ' జట్టుకి (జాతీయ జట్టుకి ఒక మెట్టు కింద) ఆడాడు, ఆ పైమెట్టు మాత్రం ఎక్కనివ్వలేదు. అండర్-19 టూర్‌లో దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు పరిచయమైన భారతీయ మూలాల అమ్మాయిని తర్వాత పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. అప్పట్లో నాలుగేళ్లు నివాసం ఉంటే గానీ ఆ దేశానికి ఆడే అర్హత రాదు. ఆ నాలుగేళ్లు మనవాడు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అక్కడ ఎండాకాలం టైటాన్స్ అనే దేశవాళీ జట్టుకి, ఆ సీజన్ అయిపోగానే ఇంగ్లండ్ వెళ్లి అక్కడి దేశవాళీ జట్లైన కౌంటీలకి, ఒక్కోసారి ఎవరూ పట్టించుకోని మైనర్ కౌంటీ జట్లకి కూడా. 2008లో సీజన్ మధ్యలో హాంప్‌షైర్ తీసుకుంటే మొదటి మ్యాచ్‌లోనే లాంకషైర్ మీద 12 వికెట్లు, ఏడు ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు తిరిగేసరికి 44 వికెట్లు. ఏడాదికి రెండు సీజన్లు, రెండు రకాల పిచ్‌లు, రెండు రకాల బంతులు. లెగ్ స్పిన్నర్‌కి కావాల్సింది ఓవర్లే, అతను వేలకొద్దీ ఓవర్లు వేశాడు.

ఆ మధ్యలో ఒక దెబ్బ కూడా ఉంది. 2010 జనవరిలో ఇంగ్లండ్‌తో టెస్టుకి దక్షిణాఫ్రికా జట్టులో అతని పేరు ప్రకటించేశారు, తీరా చూస్తే అర్హత గడువు ఇంకా పూర్తి కాలేదని తేలి వెనక్కి తీసుకున్నారు. ఇంచుమించు ఇంకో ఏడాది ఆగాలి. ముప్పై దాటిన వాడికి, అప్పటికే ఒక దేశం కాదన్నవాడికి ఆ ఏడాది ఎలా గడిచి ఉంటుందో ఆలోచించు. ఆగాడు. 2011 జనవరి 1కి గడువు తీరింది, ఫిబ్రవరి 24న ఢిల్లీలో వెస్టిండీస్ మీద ప్రపంచకప్ మ్యాచ్‌లో మొదటిసారి దక్షిణాఫ్రికా టోపీ పెట్టుకున్నాడు, 41 పరుగులకి 4 వికెట్లు తీశాడు. ఆ టోర్నీలో ఐదు మ్యాచ్‌లకే 14 వికెట్లు, అందులో బొటనవేలు విరగ్గొట్టుకున్న మ్యాచ్ కూడా ఉంది. చూసినవాళ్లకి ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు అనిపించింది. అప్పటికి అతను ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడటం మొదలుపెట్టి పద్నాలుగేళ్లు దాటింది.

నీకు ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు తాహిర్ గురించి మాట్లాడేటప్పుడు దీన్ని వదిలేస్తారు. 2012 నవంబర్‌లో అడిలైడ్ టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో 23 ఓవర్లకి 180, రెండో ఇన్నింగ్స్‌లో 14 ఓవర్లకి 80. మొత్తం 260 పరుగులు, వికెట్ సున్నా. టెస్టు చరిత్రలో ఒక మ్యాచ్‌లో వికెట్ లేకుండా అన్ని పరుగులు ఇచ్చిన బౌలర్ అప్పటిదాకా లేడు. జట్టులోంచి తీసేశారు. 33 ఏళ్ల వలస ఆటగాడికి అక్కడితో కథ అయిపోవాలి, అవతల కుర్ర స్పిన్నర్లు వరసలో ఉన్నారు. ఏడాది తిరక్కుండా 2013 అక్టోబర్‌లో దుబాయ్‌లో మళ్లీ ఆడించారు. ఎదురుగా పాకిస్తాన్. 32 పరుగులకి 5 వికెట్లు తీశాడు, వాళ్లు 99కి ఆలౌట్. తను పుట్టిన దేశం మీద, అదీ అడిలైడ్ తర్వాత. ఆ స్పెల్ చూడకపోతే వెతికి చూడు. గూగ్లీ (లెగ్ స్పిన్‌లాగే కనిపించి ఎదురు వైపుకి తిరిగే బంతి) అంటే అందరూ ఆఫ్ స్టంప్ బయట వేసి ఆశపడతారు, అతను వికెట్ల మీదకే వేస్తాడు. బ్యాట్స్‌మన్ వదిలేయడానికి లేదు, ఆడితే ఎటు తిరుగుతుందో తెలీదు. గాల్లో కూడా కాస్త వేగంగానే వస్తుంది కాబట్టి బంతి పడ్డాక చూసి ఆడదాంలే అంటే అప్పటికే ప్యాడ్‌కి తగులుతుంది.

అతన్ని మన వైజాగ్ పీఎం పాలెం స్టేడియంలోనే చూశాను. 2019 మే 10న ఐపీఎల్ రెండో క్వాలిఫయర్, చెన్నై, ఢిల్లీ మ్యాచ్. అప్పటికి అతనికి 40 నిండాయి. సముద్రం దగ్గర మే నెల రాత్రి ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, చొక్కా పిండితే నీళ్లు కారతాయి, బంతి సబ్బులా జారుతుంది. ప్రతి బంతికీ ముందు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, సీమ్‌ని వేళ్లతో వెతికి పట్టుకుని, మళ్లీ అదే జోరుతో పరిగెత్తుకుంటూ రావడం, ఆఖరి ఓవర్‌కి కూడా మణికట్టు అంతే గట్టిగా తిప్పడం చూశాను. ఆ సీజన్‌లో 26 వికెట్లతో పర్పుల్ క్యాప్ (అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చేది) అతనిదే. ఆ నెలాఖరుకే ఓవల్‌లో ప్రపంచకప్ మొదటి ఓవర్ అతని చేతికిచ్చారు. ఒక స్పిన్నర్ ప్రపంచకప్‌ని మొదలుపెట్టడం అదే మొదటిసారి, రెండో బంతికే బెయిర్‌స్టో అవుట్.

ఇంతకంటే లేటుగా వచ్చి, ఇంతకంటే కష్టపడ్డవాడు ఒకడున్నాడు, మన కుర్రాళ్లకి పెద్దగా తెలీదు. బేసిల్ డొలివెరా. 1931లో కేప్‌టౌన్‌లో పుట్టాడు. తెల్లవాడు కాదు కాబట్టి ఎంత బాగా ఆడినా దక్షిణాఫ్రికా జట్టులోకి రానివ్వరు, తెల్లవాళ్లతో కలిసి ఒక గ్రౌండ్‌లో ఆడనివ్వరు. ఇంగ్లండ్‌లో జాన్ ఆర్లాట్ అనే కామెంటేటర్‌కి ఉత్తరాలు రాశాడు. చివరికి 1960లో లాంకషైర్‌లోని మిడిల్టన్ అనే చిన్న క్లబ్‌లో సీజన్‌కి 450 పౌండ్లకి ప్రొఫెషనల్‌గా చోటు దొరికింది, అదీ వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ వెస్ హాల్ రాలేననడంతో. వెళ్లాక మొదటి వారాల్లో పరుగులు రాలేదు. ఎందుకంటే అతను పెరిగింది మ్యాట్ పరిచిన పిచ్‌ల మీద. అక్కడ బంతి ఒకే ఎత్తులో వస్తుంది, ముందుకొచ్చి లైన్ మీద కొట్టేయొచ్చు. లాంకషైర్‌లో వాన తడి పిచ్, బంతి ఆగి వస్తుంది. 28 ఏళ్లవాడు తన బ్యాటింగ్‌ని మళ్లీ మొదటినుంచి కట్టుకున్నాడు, బంతి కోసం ఆగడం నేర్చుకున్నాడు. సీజన్ చివరికి ఆ లీగ్ సగటుల్లో అతనే మొదటివాడు. అదే లీగ్‌లో వెస్టిండీస్ దిగ్గజం గ్యారీ సోబర్స్ కూడా ఆడుతున్నాడు, గుర్తుపెట్టుకో.

1964లో వోర్సెస్టర్‌షైర్ కౌంటీ, 1966లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ తరఫున మొదటి టెస్టు. నిజం వయసు 34. వయసు తెలిస్తే ఎంపిక చేయరని మూడేళ్లు తగ్గించి చెప్పుకున్నాడు. (నీకు ఇలాంటి ఆలోచన వస్తే వదిలెయ్. ఈ రోజుల్లో పాస్‌పోర్టు చూస్తారు, దొరికితే నిషేధమే.) 1968లో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టినా దక్షిణాఫ్రికా టూర్‌కి మొదట ఎంపిక చేయలేదు. తర్వాత టామ్ కార్ట్‌రైట్ తప్పుకుంటే తీసుకున్నారు, అతను ఉన్న జట్టుని రానిచ్చేది లేదని అక్కడి ప్రధాని వోర్‌స్టర్ మొండికేశాడు, టూరే రద్దయింది. వర్ణవివక్ష దేశాన్ని క్రికెట్ నుంచి వెలి వేయడానికి ఈ గొడవే పెద్ద కారణం. 44 టెస్టులు, 2,484 పరుగులు, సగటు 40. ఇప్పుడు ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా ఆడుకునే టెస్టు సిరీస్ ట్రోఫీకి అతని పేరే. దీన్ని ఇంత పొడుగ్గా చెప్పింది ఆ మిడిల్టన్ మొదటి వారాల కోసమే. నువ్వు వెళ్లాక నీకు ఎదురయ్యేది కూడా అదే.

మనం ఇక్కడ ఎస్‌జీ బంతితో ఆడతాం. దాని కుట్టు చేత్తో వేస్తారు, ముప్పై నలభై ఓవర్లైనా పైకి లేచే ఉంటుంది, వేలికి పట్టు దొరుకుతుంది, పిచ్‌ని కరుచుకుని తిరుగుతుంది. వైజాగ్‌లో మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఒక ఎండ్ నుంచి వేస్తే బంతి దానంతటదే గాల్లో లోపలికి డ్రిఫ్ట్ అవుతుంది, అంటే పక్కకి జరుగుతుంది. నీ వికెట్లలో సగం ఆ గాలి పుణ్యమే అయ్యుండొచ్చు, చెడుగా అనుకోకు, ఇక్కడి స్పిన్నర్లందరికీ అంతే. మెల్‌బోర్న్‌లో కూకబుర్రా బంతి. కుట్టు చాలా భాగం మిషన్ మీదే, ఇరవై ఓవర్లకి అణిగిపోతుంది. పక్కకి తిప్పాలని చూస్తే జారిపోతుంది, పిచ్ మీద కూడా తిరగదు. అక్కడ వికెట్ తెచ్చేది బౌన్స్. అంటే బంతిని పక్కకి కాకుండా పైనుంచి ముందుకి దొర్లేలా తిప్పాలి, కళ్ల ఎత్తు దాటించాలి, అది చటుక్కున కిందకి దిగి ఎగిరి బ్యాట్ పై అంచుకో గ్లవ్‌కో తగలాలి. దీనికోసం మణికట్టు కోణమే మారాలి, భుజం ఇంకా పైకి రావాలి, ముందు కాలు మీద నిటారుగా లేవాలి. ఒక నెలలో వచ్చేది కాదు, ఒక సీజన్ పోతుంది. ఆ సీజన్‌లో నిన్ను కొడతారు, చిన్న గ్రేడ్‌లో (క్లబ్ కింది జట్లలో) వేస్తారు, నాకేటి ఈ ఖర్మ అనిపిస్తుంది. దానికి ముందే సిద్ధపడు. ఇంకా ఒకటి, అక్టోబర్ సాయంత్రాలు చలి, వేళ్లు బిగుసుకుపోతాయి, జేబులో చెయ్యి పెట్టుకుని వెచ్చగా ఉంచుకోవడం కూడా అక్కడ స్పిన్నర్ పనిలో భాగమే.

క్లబ్ విషయం. సీజన్ అక్టోబర్ నుంచి మార్చి దాకా, కానీ ప్రీ సీజన్ ట్రైనింగ్ అక్కడి చలికాలంలోనే (జూన్ నుంచి ఆగస్టు) మొదలైపోతుంది, నువ్వు సెప్టెంబర్ చివర్లో వెళ్లి తలుపు తడితే జట్లు అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. మనవాళ్లు అక్కడ దిగగానే తెలుగువాళ్ల టెన్నిస్ బాల్ టోర్నీల్లో చేరిపోతారు. చేరు, ఆదివారం నలుగురు స్నేహితులు దొరుకుతారు, బిర్యానీ దొరుకుతుంది, ఒంటరితనం పోతుంది. కానీ నీ క్రికెట్ అది అనుకోకు. అలాగే ఇంటి దగ్గర సబర్బన్ క్లబ్‌లో చేరితే చాలా వాటికి సింథటిక్ పిచ్‌లే ఉంటాయి, దాని మీద లెగ్ స్పిన్ బాగానే ఎగురుతుంది, వికెట్లూ వస్తాయి, దాన్ని చూసి సెలెక్టర్ ఎవరూ నీ దగ్గరికి రాడు. టర్ఫ్ (అసలు మట్టి, గడ్డి పిచ్) మీద ఆడే ప్రీమియర్ క్రికెట్ క్లబ్‌కే, అంటే అక్కడి పైస్థాయి క్లబ్ పోటీ ఆడేదానికే వెళ్లు, నాలుగో గ్రేడ్‌లో వేసినా సరే. గురువారం ట్రైనింగ్ తర్వాత జట్లు చెప్తారు, శనివారం ఆట, కొన్ని మ్యాచ్‌లు రెండు శనివారాలు సాగుతాయి. ఆ రెండు రోజుల మ్యాచ్‌లే లెగ్ స్పిన్నర్‌కి బడి. మన దగ్గర కుర్రాళ్లకి అలాంటి ఓవర్లు దొరకడం లేదన్నది నాకు ఎప్పుడూ ఉండే బాధ.

మెల్‌బోర్న్‌లోనే నీలాంటి లెగ్ స్పిన్నరే ఫవాద్ అహ్మద్ అలాగే వచ్చాడు. పాకిస్తాన్ స్వాబీ ప్రాంతం, 1982లో పుట్టాడు, 2010లో ఆస్ట్రేలియా వెళ్లి ఆశ్రయం కోరాడు. మెల్‌బోర్న్ యూనివర్సిటీ క్లబ్‌కి ఆడాడు, ఆస్ట్రేలియా జట్టు నెట్స్‌లో బౌలింగ్ వేశాడు, అక్కడ చూసినవాళ్లు పట్టుకున్నారు. 2013లో పౌరసత్వం రావడానికి ఏకంగా పార్లమెంట్ చట్టం సవరించింది, ఆ ఆగస్టులోనే ఇంగ్లండ్‌లో ఆస్ట్రేలియా తరఫున టీ20 ఆడాడు, 31 ఏళ్ల వయసులో. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఐదే ఆడాడు నిజమే. కానీ 2015లో ఆస్ట్రేలియా రాష్ట్రాల మధ్య జరిగే షెఫీల్డ్ షీల్డ్ ఫైనల్‌లో విక్టోరియాకి 89 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. నన్నడిగితే ఒక లెగ్ స్పిన్నర్ జీవితానికి అది చాలు. నువ్వు కూడా లక్ష్యాన్ని అలా పెట్టుకో, ముందు ఫస్ట్ గ్రేడ్, తర్వాత రాష్ట్ర జట్టు కంటపడటం.

ఉద్యోగం చేస్తూ ఎలా అంటావా, సౌరభ్ నేత్రావల్కర్‌ని చూడు. ముంబై కుర్రాడు, 2010 అండర్-19 ప్రపంచకప్‌లో కేఎల్ రాహుల్, మయాంక్, ఉనద్కత్‌లతో ఆడాడు, ఆ తర్వాత ముంబైకి ఒకే ఒక్క రంజీ మ్యాచ్. 2015లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో మాస్టర్స్‌కి వెళ్లిపోయాడు, ఒరాకిల్‌లో ఇంజినీర్ అయ్యాడు. వారాంతాల్లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా గంటల తరబడి ప్రయాణం చేసేవాడు, టర్ఫ్ మీద 50 ఓవర్ల ఆట అక్కడ దొరుకుతుందని. 2024 జూన్ 6న డల్లాస్‌లో అమెరికా తరఫున పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్‌లో 18 కాపాడాడు, వారం తిరక్కుండా మన రోహిత్‌నీ కోహ్లీనీ అవుట్ చేశాడు, కోహ్లీని మొదటి బంతికే. అప్పుడు అతనికి 32. ఉద్యోగం వదల్లేదు. నువ్వూ వదలకు. జీతం వస్తుంటే ఒక చెడ్డ సీజన్ వచ్చినా తట్టుకుంటావు, వీసా నిలబడుతుంది, ఇంట్లోవాళ్లకి ధైర్యం ఉంటుంది. డెవాన్ కాన్వే జొహానెస్‌బర్గ్‌లో ఇల్లూ కారూ అమ్మేసి 2017లో న్యూజిలాండ్ వెళ్లాడు, మూడేళ్లు ఆగి, 2021లో లార్డ్స్‌లో మొదటి టెస్టులోనే 200 కొట్టాడు. కానీ అతను ఆగిన ఆ మూడేళ్లలో వెల్లింగ్టన్‌కి 327 నాటౌట్‌తో సహా గుట్టలుగా పరుగులు చేశాడు. ఫస్ట్ క్లాస్ అనుభవంతో వెళ్లినవాడు అలా దూకగలడు, నీకు నేను ఆ సలహా ఇవ్వను.

రూల్స్ ఇప్పుడు ఇలా ఉన్నాయి. ఒక దేశానికి ఆడాలంటే అక్కడ పుట్టాలి, లేదా ఆ దేశ పౌరుడై ఉండాలి, లేదా వరుసగా మూడేళ్లు అదే నీ అసలు ఇల్లుగా బతికి ఉండాలి. మధ్యలో నెలల తరబడి వైజాగ్ వచ్చి ఉండిపోతే ఆ లెక్క దెబ్బతింటుంది, అద్దె ఒప్పందాలు, టికెట్లు, జీతం స్లిప్పులు దాచుకో. మరోవైపు, భారత పాస్‌పోర్టు వదిలేస్తే ఇక్కడ రంజీ దారి మూసుకుపోతుంది, అది తొందరపడి తీసుకునే నిర్ణయం కాదు. ఇంకో సంగతి, 2019 నుంచి ఐసీసీ సభ్యదేశాల మధ్య జరిగే టీ20లన్నిటికీ అంతర్జాతీయ హోదా ఉంది. రేపు కంపెనీ నిన్ను జర్మనీకో కెనడాకో మారిస్తే అక్కడ దారి ఆస్ట్రేలియా అంత ఇరుకు కాదు. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లుంటారు, వాళ్ల మాట పట్టించుకోకు. ఆ జట్లలో ఆడేవాళ్లు పొద్దున డ్యూటీ చేసి రాత్రి నెట్స్‌కి వస్తారు.

అమ్మానాన్నలతో గొడవ పెట్టుకోకు. ఉద్యోగం మానను, శనివారాలు మాత్రం నావి అని చెప్పు, అంతకంటే వివరించక్కర్లేదు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారని రాశావు కాబట్టి ఆ అమ్మాయికి కూడా మొదటిరోజే చెప్పెయ్, అక్కడి వేసవంతా శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నువ్వు ఇంట్లో ఉండవని.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది, మెల్‌బోర్న్‌లో నువ్వు ఉండబోయే చోటికి దగ్గర్లోని ప్రీమియర్ క్లబ్బులు రెండు మూడిటికి మెయిల్ రాయి. నీ గురించి పొగుడుకోకు. ఏ లీగ్‌లో ఏ డివిజన్ ఆడావు, ఎన్ని ఓవర్లు, ఎన్ని వికెట్లు, ఎప్పుడు దిగుతున్నావు, అంతే. పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి బౌలింగ్ వీడియోలు పెట్టు, వికెట్లు పడినవే ఏరి పెట్టకుండా వరుసగా రెండు ఓవర్లు. వాళ్లు చూసేది అదే. బయల్దేరేలోపు ఏ ఆదివారమైనా పొద్దున్నే ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) గ్రౌండ్‌కి రా, నా దగ్గర అక్కడి నుంచి తెచ్చిన కూకబుర్రా బంతులు ఉన్నాయి, కుట్టు అణిగిపోయినవే. వాటితో వేయించి నీ మణికట్టు ఎక్కడ పడుతోందో చూస్తాను.